టెంకాయ లేచిన చోటు

సుజన ఎమ్మెస్సీ జియాలజీ చదివింది. భూమి లోపల ఏ రాయి ఉంది, ఆ రాయి సందుల్లో నీళ్ళున్నాయా లేవా అని కొలిచి చెప్పే చదువది. ఆమె నాయన రంగస్వామి చదివింది ఐదో తరగతి. ఆయన చేసేదీ అదే పని, కాకపోతే అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేస్తాడు. ఒకే కప్పు కింద, ఒకే పనికి, రెండు రకాల సంపాదన. ఎవరిది ఎక్కువో ఈ సీమలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, మిగతావాళ్ళ కోసం చెబుతాను.

సుజన ఆరేళ్ళు ఒక వాటర్‌షెడ్ ప్రాజెక్టులో కాంట్రాక్టు ఉద్యోగం చేసింది. మొదట పదిహేను వేలు, ఆఖరుకు ఇరవై రెండున్నర వేలు. అదీ ఏ నెలకు ఆ నెల వచ్చిన పాపాన పోలేదు. ఏటా మార్చిలో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, రెండు రోజులు ఉద్యోగంలో లేనట్టు రాసి, మళ్ళీ కొత్తగా తీసుకునేవాళ్ళు. పోయిన ఏడాది మార్చిలో సంతకమైతే పెట్టించుకున్నారు, మళ్ళీ తీసుకోలేదు. ప్రాజెక్టు అయిపోయిందట! ఆరేళ్ళ ఎండకు ఒక శాలువా కప్పి, గ్రూపు ఫొటో తీసి పంపించారు.

ఇక రంగస్వామి సంగతి. పిలక తియ్యని టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో చేనంతా తిరుగుతాడు. నీళ్ళున్న చోట టెంకాయ తనంతట తానే లేచి నిలబడుతుంది. అక్కడ సున్నంతో గుర్తు పెట్టి బోరు వేస్తారు. దాన్నే పాయింటు అంటారు. పాయింటుకు మూడు వేలు. ఎండాకాలంలో రోజుకు రెండు పాయింట్లకు తక్కువ ఉండదు. నీళ్ళు పడితే ఆయనకు పంచెలు, భార్య ఈరక్కకు చీర, పైన ఇంకో ఐదు వేలు. పడకపోతే? పడకపోయినా మూడు వేలు మూడు వేలే. పాయింటు చూసినవాణ్ణి ఉత్త చేతులతో పంపితే గంగమ్మ ఆ చేను మొహం మళ్ళీ చూడదని అందరి నమ్మకం. ఇంతకంటే భద్రమైన ఉద్యోగం కలెక్టరుకైనా ఉందా, మీరే చెప్పండి.

ఉద్యోగం పోయాక సుజన దాచుకున్నదంతా పెట్టి పాత రెసిస్టివిటీ మీటరు ఒకటి కొంది. నేలలో ఇనుప కడ్డీలు దిగగొట్టి, కరెంటు పంపి, కింద తడి ఉందో లేదో కొలిచే పెట్టె అది. సర్వేకు పదిహేను వందలు. ఎనిమిది నెలల్లో పంతొమ్మిది చేలు కొలిచింది. పదమూడు చేలల్లో నీళ్ళు లేవని చెప్పింది. ఆ పదమూడు మందిలో డబ్బిచ్చింది నలుగురే. "లేదని చెప్పేదానికి లెక్క ఎందుకియ్యాల మా? లేదని మాకు మాత్రం తెలీదా?" అని మిగతావాళ్ళు మొహం మీదే అన్నారు. అని ఊరుకున్నారా, పోయి రంగస్వామిని పిలుచుకొచ్చి మూడు వేలిచ్చి టెంకాయ పట్టించుకున్నారు.

ఈరక్క నోరు ఊరుకునే నోరు కాదు.

"పదిహేడేండ్లు చదివిస్తిమి. ఉండాది అని ఒక్క మాట చెప్పేదానికి నీ సొమ్మేం పోతాది మే?"

"లేనిది ఉండాదని ఎట్ల చెప్పేది మా?"

"మీ నాయిన చెప్తాండాడు గదా. నువ్వు తినే సంగటి ఆ మాటదే."

నిజమే. అందుకే కోపం రావాల్సిన చోట సుజనకు సిగ్గు ముంచుకొచ్చేది.

ఆ సిగ్గు వెనక ఇంకో గుట్టు ఉంది. రెండేళ్ళ కిందట రంగస్వామి కుడి చెయ్యి వణకడం మొదలైంది. మొదట్లో గ్లాసులో టీ తొణికేది. తర్వాత ముద్ద నోటిదాకా పోయేలోపు సగం కింద రాలేది. అంతకుముందు పది చేలు తిరిగితే నాలుగింట టెంకాయ పడుకునే ఉండేది, "ఈడ లేదప్పా" అని చెప్పి వచ్చేవాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక అది ప్రతి చేనులోనూ లేవసాగింది. రాళ్ళ గుట్ట మీద కూడా లేచింది. జనం జబ్బనుకున్నారా? అబ్బే! గంగమ్మ నిండుగా పూనిందనుకున్నారు. రెండు వేలున్న పాయింటు అప్పుడే మూడు వేలయింది.

సుజన ఆయన్ని కర్నూలు తీసుకుపోయి నరాల డాక్టరుకు చూపించింది. ఇది వణుకుడు జబ్బు, పూర్తిగా పోదు, మాత్రలు మానకుండా వేసుకుంటే అదుపులో ఉంటుందన్నాడాయన. మాత్రలు బ్రహ్మాండంగా పనిచేశాయి. వారం తిరక్కుండా చెయ్యి కుదుటపడింది. చెయ్యితో పాటు టెంకాయ కూడా కుదుటపడింది. వరసగా నాలుగు చేలల్లో పడుకున్నది పడుకున్నట్టే ఉంది. నాలుగో చేను రైతు, "ఏం స్వామీ, ఏమన్నా మైల తగిలిందా?" అని అడిగేశాడు. రంగస్వామి ఇంటికొచ్చి మాత్రల డబ్బాను అటక మీదికి విసిరాడు.

"పనుండే దినం ఆ మాత్ర నా కంటికి చూపించొద్దు," అన్నాడు.

"అది జబ్బు నాయినా. జబ్బుకు టెంకాయ లేస్తాండాది."

"జబ్బే అనుకో. ఆ జబ్బు నా చేతికే ఎందుకియ్యాల దేవుడు?"

మోసం చేయాలన్న బుద్ధి ఆయనకు లేదు. ఆ మాట మనసారా నమ్మే అన్నాడు. సుజనకే ఏ నమ్మకమూ లేదు, అయినా ఆయన్ని స్కూటీ మీద ఎక్కించుకుని ఊరూరా తిప్పింది తనే. బోరులో దుమ్ము లేచినప్పుడల్లా రైతులు తమ నుదురు తాము కొట్టుకున్నారు గానీ రంగస్వామిని ఒక్క మాట అనలేదు. "టెంకాయ లేచె, మా రాత లేయకపాయె" అనేవాళ్ళు. సుజన ఆ మాట వింటూ తలొంచుకుని స్కూటీ స్టార్టు చేసేది.

మే నెల మొదటి వారంలో ఓబుళేశు వచ్చాడు. పక్క ఊరు మిట్టకొత్తూరు ఆయనది. మూడున్నర ఎకరాల చీనీ తోట, అంటే బత్తాయి, పదకొండేళ్ళ చెట్లు. నాలుగు బోర్లుంటే నాలుగూ ఎండిపోయాయి. సుజన కడపలో డిగ్రీ చదివే రోజుల్లో బస్సు తప్పిపోతే, మార్కెట్టుకు కూరగాయలు తోలే ఆటోలో ఆమెను కూర్చోబెట్టుకుని కాలేజీ గేటు దగ్గర దించి పోయేవాడు. ఒక్కనాడు విసుక్కోలేదు.

"సుజనమ్మా, నాకు టెంకాయ వద్దు. నీ మిషనే కావాల. చదువుకున్న పిల్ల చెప్పినట్ల ఇంటా," అన్నాడు. అడక్కుండానే పదిహేను వందలు ముందే చేతిలో పెట్టాడు.

ఆ మాటకు ఆమె కడుపు నిండిపోయింది. ఎనిమిది నెలల్లో అలా అన్నవాడు ఆయనొక్కడే. ఒక పూటలో అయ్యే పనిని రెండు రోజులు చేసింది. కడ్డీలు మార్చి మార్చి దిగగొట్టింది, తోట నాలుగు మూలలా కొలిచింది, ఎక్కడైనా ఒక్క మంచి అంకె వస్తుందేమోనని ఆశపడింది. రాలేదు.

"చిన్నాయనా, కింద అంతా పలకరాయి. పొరల మధ్య నీళ్ళూరే సందు లేదు. వెయ్యి అడుగులు పోయినా దుమ్మే. బోరు వెయ్యొద్దు."

ఓబుళేశు భార్య తిరుపతమ్మ ఒక్కటే అడిగింది. "మిషను ఒగోతూరి తప్పు చెప్పదా పాపా?"

ఇదిగో, ఇక్కడ పడింది దెబ్బ. చదువుకున్నది కదా, నిజమే చెప్పింది. "చెప్తాది చిన్నమ్మా. నూటికి ఒక పది తూర్లు తప్పవుతాది."

టెంకాయ పట్టేవాడు ఏనాడైనా ఆ మాట అన్నాడా? అనడు. మొగుడూ పెళ్ళాం తొంభై వదిలేసి ఆ పది పట్టుకున్నారు. రెండు రోజులకే రంగస్వామి ఇంటి ముందు నిలబడ్డారు. రెండు పాడి బర్రెలను అమ్మి, మండీ వ్యాపారి దగ్గర కొంత తెచ్చి, రెండు లక్షలు చేతిలో పెట్టుకున్నారు.

"స్వామీ, ఇదే ఆఖరు," అన్నాడు ఓబుళేశు. "టెంకాయ గూడ లేదంటే ఇంక బోరు మాట ఎత్తను. నా బిడ్డ తనూజ మీద ఒట్టు. చెట్లు కొట్టేసి, ఈ లెక్కతో కడపలో అంగడి పెట్టుకుంటా."

రంగస్వామి శుక్రవారం వస్తానన్నాడు. గడప లోపల నిలబడి సుజన అంతా వింది. ఆ రోజు సాయంత్రమే స్టూలు వేసుకుని అటక మీది నుంచి మాత్రల డబ్బా దించింది. శుక్రవారం పొద్దున సంగటిలో ఒక మాత్ర నలిపి వేస్తే చాలు. చెయ్యి వణకదు, టెంకాయ లేవదు, ఓబుళేశు రెండు లక్షలు ఓబుళేశు దగ్గరే ఉంటాయి. నాయనను మోసం చేసినట్టవుతుందని తెలుసు. తెలిసే డబ్బాను దిండు కింద పెట్టుకుంది.

ఆమెకా అవసరం రాలేదు. బుధవారం పొద్దున రంగస్వామి స్నానం చేసే బచ్చలి దగ్గర కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసినా మునుపటిలా నడవలేడని కడపలో చెప్పారు. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. చెయ్యి మాత్రం దుప్పటి మీద దాని పాటికది వణుకుతూనే ఉంది.

శుక్రవారం తెల్లారీ తెల్లారకముందే ఓబుళేశు వచ్చాడు. మంచం పక్కన కింద కూర్చుని కాసేపు పరామర్శించాడు. ఆ తర్వాత సుజన వైపు తిరిగాడు.

"నువ్వే పట్టు పాపా. స్వామి రక్తం గదా, నీ చేతికి రాకుండా యాడికి పోతాది."

ఈరక్క గుడ్లప్పగించి కూతుర్నే చూస్తోంది. మొగుడు మంచాన పడ్డ మూడో రోజుకే మూడు వేలు గడప తొక్కాయి మరి. సుజన గొడవ పెట్టుకుంటుందని అందరూ అనుకున్నారు. పెట్టుకోలేదు. ఆమె లెక్క ఆమెకుంది. తన చెయ్యి వణకదు. చెయ్యి వణక్కపోతే టెంకాయ లేవదు. మీటరు లేదంటే నమ్మనివాళ్ళు టెంకాయ లేదంటే నమ్ముతారు. చదువుకున్న ఇన్నేళ్ళకు తన నోటి 'లేదు'కు మొదటిసారి విలువొస్తుంది.

"సరే చిన్నాయనా, పడతా," అంది.

బయల్దేరుతుంటే రంగస్వామి పిలిచాడు. "శానా సేపు పట్టుకోవాకు పాపా. రెండు సాళ్ళు నడిచి దించెయ్. మధ్యలో చెయ్యి మార్చుకో."

ముసలాయన చాదస్తమనుకుంది. తలూపి వెళ్ళిపోయింది.

మిట్టకొత్తూరు పొలిమేరలో తోట. ఆకులు పసుపుపచ్చగా తిరిగి ముడుచుకున్నాయి. నిమ్మకాయంత కాయలు నేల మీద రాలి ఎండుతున్నాయి. తిరుపతమ్మ చెంబు తెచ్చి ఆమె కాళ్ళు కడిగింది. ట్యాంకరు నీళ్ళవి, బిందె ఇరవై రూపాయలు. ఒక్క చుక్క మిగలకుండా పోసింది. పాదాలకు పసుపు రాసి కళ్ళకద్దుకుంది. తల్లి వయసు మనిషి అట్లా వంగితే సుజన కాళ్ళు వెనక్కి లాక్కోబోయింది.

టెంకాయ అరచేతిలో పెట్టుకుని చెయ్యి ముందుకు చాపి నడిచింది. మొదటి సాలు అయింది. టెంకాయ కదల్లేదు. రెండో సాలు అయింది. రాయిలా పడుకుని ఉంది. సుజన గుండె తేలికపడింది. ఇప్పుడు ఆపి, లేదని చెప్పి, ఇంటికి పోతే సరిపోయేది.

కానీ వెనక్కి తిరిగి చూసింది. మొగుడూ పెళ్ళాం చేతులు జోడించుకుని నిలబడి ఉన్నారు. రెండు సాళ్ళకే ఆపేస్తే, సరిగ్గా తిరగలేదంటారు, ఇంకొకణ్ణి పిలుస్తారు. ఒక్క చెట్టు కూడా వదలకూడదు, ఇంకెవరూ ఈ తోటలో అడుగు పెట్టే పని ఉండకూడదు అనుకుంది. మూడున్నర ఎకరాలు ఒక్క మూల వదలకుండా తిరుగుతూ పోయింది. ముప్పావు గంట. ఎండ ముదిరింది. చెయ్యి మార్చుకుంటే మళ్ళీ మొదటి నుంచి తిరగమంటారేమోనని అదీ చేయలేదు. భుజం లాగుతోంది, మోచెయ్యి పీకుతోంది. ఇంకొక్క మూలే, ఈశాన్యం. అక్కడివే అన్నిటికంటే పెద్ద చెట్లు, ఓబుళేశు మొదట నాటినవి.

ఆ మూలకు పోయేసరికి వేళ్ళ చివర్ల నుంచి వణుకు మొదలైంది. పళ్ళు బిగబట్టింది. బిగబట్టే కొద్దీ ఎక్కువైంది. టెంకాయ అటూ ఇటూ ఊగింది, పిలక పైకి తిరిగింది, తిన్నగా లేచి నిలబడింది.

"లేచె! లేచె! గంగమ్మ తల్లీ!" తిరుపతమ్మ అక్కడికక్కడే మోకాళ్ళ మీద కూలబడింది.

"కాదు చిన్నమ్మా! నా చెయ్యి పీకింది. అలసిపోయి వణికింది, అంతే!" సుజన టెంకాయను కింద పడేసింది. అప్పటికే ఓబుళేశు పరుగెత్తుకొచ్చి అక్కడ సున్నం పోస్తున్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లాగింది.

"చిన్నాయనా, నా మాట ఇను. మా నాయినది గూడ వణుకుడు జబ్బు. కర్నూల్లో చూపించినాం. మాత్ర ఏసుకుంటే టెంకాయ లేయదు. రెండేండ్లుగా అందరికీ అట్లనే చూపిస్తాండాడు. అంతా అబద్ధం. నీ కాళ్ళు మొక్కుతా, బోరు వెయ్యొద్దు."

ఇంటి గుట్టు నడిచేనులో పెట్టేసింది పిచ్చిపిల్ల. తిండి పెట్టే పనిని తన నోటితోనే బద్దలు కొట్టింది. దాంతోనైనా ఆగుతారనుకుంది.

ఓబుళేశు ఆమెను జాలిగా చూశాడు. "భయపడినావు పాపా. మొదటి తూరి గదా, దేవత పూనితే అట్లనే ఉంటాది. స్వామి గూడ కొత్తలో ఏడ్చేవాడంట."

"ముప్పావు గంట తిరిగినావు," అంది తిరుపతమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "అంతసేపు లేయనిది ఈడనే ఎందుకు లేయాల? నువ్వే చెప్తివి గదమ్మా, మిషను నూటికి పది తూర్లు తప్పు చెప్తాదని."

ఊరికే రెండు సాళ్ళు నడిచి ఆపేసి ఉంటే ఏమయ్యేది? ఒకటే ప్రశ్న సుజన బుర్ర తొలిచేస్తోంది. వాళ్ళను నమ్మించాలని తిరిగిన తిరుగుడే వాళ్ళను నమ్మించింది.

ఆదివారం పొద్దున ఆరు గంటలకు బోరు లారీ వచ్చింది. నిమ్మకాయలు కోశారు, సాంబ్రాణి వేశారు. సుజన రానంది, ఓబుళేశు వచ్చి బండెక్కించుకుపోయాడు. పాయింటు చూసిన మనిషి పక్కన లేకపోతే ఎట్లా? మూడు వందల అడుగుల దాకా ఒక రేటు, ఆ తర్వాత ప్రతి వందకూ రేటు పెరుగుతుంది. మూడు వందలకు తెల్ల దుమ్ము. ఐదు వందలకు బూడిద రంగు దుమ్ము.

"ఆపు చిన్నాయనా. ఇంకా లక్ష మిగులుతాది," అని ఆమె గొంతు చించుకుంది. మిషను హోరులో వినపడలేదో, విననట్టున్నాడో.

ఏడు వందల దగ్గర దుమ్ము ముద్దగా వచ్చింది. తడి! తిరుపతమ్మ ఆ ముద్దను కొంగులో పట్టుకుంది. జనం కేకలు పెట్టారు. సుజనకు తెలుసు, పొరల మధ్య ఇరుక్కున్న చెమ్మ అది, చెంబు నీళ్ళు కూడా రావు. చెప్పింది. ఎవరు వింటారు? ఎనిమిది వందలు, తొమ్మిది వందలు, వెయ్యి. వెయ్యిన్నీ నలభై అడుగుల దగ్గర లారీవాడు తనే ఆపేశాడు. ఓబుళేశు తల, మీసాలు, కనురెప్పలు తెల్లగా అయిపోయాయి. దుమ్ము తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

లారీవాళ్ళకు ఇచ్చేసరికి రెండు లక్షల్లో పదకొండు వేలు మిగిలాయి. తిరుపతమ్మ పళ్ళెంలో ఆకులు, వక్కలు, మూడు వేలు పెట్టుకుని వచ్చింది.

"వద్దు చిన్నమ్మా. చంపొద్దు నన్ను," అని సుజన వెనక్కి జరిగింది.

"తీసుకో పాపా. నిన్ను ఉత్త చేతులతో పంపితే ఈ చేనుకు ఏనాటికీ నీళ్ళు రావు. ఉండే ఒక్క ఆశా తీసెయ్యాకు."

తీసుకుంది. ఏం చేస్తుంది మరి? ఇంటికొచ్చి ఆ మూడు వేలను ఈరక్క చేతిలో పెడితే, ఆమె పసుపు బొట్టు పెట్టి పెట్టెలో దాచింది. మర్నాడు పొద్దున వాకిట్లో ముగ్గురు రైతులు కూర్చుని ఉన్నారు. బోరులో నీళ్ళు పడలేదన్న సంగతి వాళ్ళకు తెలుసు. ముప్పావు గంట పడుకున్న టెంకాయ ఒక్కసారిగా లేచిందట, రంగస్వామికి కూడా ఎన్నడూ అట్లా లేవలేదట, అది కూడా తెలుసు. సుజన తలుపేసుకుంది. వారం తర్వాత నాయన మందులకూ గ్యాసు బండకూ లేకపోయేసరికి తలుపు తీసింది.

తనతో తాను ఒక్క ఒప్పందం చేసుకుంది. ముందు రోజు సాయంత్రం మీటరుతో కొలిచి, నీళ్ళున్న చోటనే చెయ్యి బిగబట్టి టెంకాయ లేపుతానని, లేని చోట రెండు సాళ్ళు నడిచి దించేస్తానని. పది చేలు అట్లాగే నెట్టుకొచ్చింది. లేదన్న చేలల్లో రైతులు నోరెత్తకుండా మూడు వేలూ ఇచ్చి పంపారు. తన చదువుకు రావాల్సిన డబ్బు టెంకాయకు వచ్చింది. సంతోషపడాలో ఏడవాలో ఆమెకు అర్థం కాలేదు. మిట్టకొత్తూరు వైపు మాత్రం పోలేదు. చీనీ చెట్లు కొట్టేసి ఇటుకబట్టీకి కట్టెలుగా తోలేశారని, ఓబుళేశు కుటుంబం ఊరు వదిలిపోయిందని విన్నది.

ఆగస్టులో వసంతకుమార్ ఫోను చేశాడు. ప్రాజెక్టులో ఆమెకు పై అధికారి ఆయన. "కొత్త ప్రాజెక్టు వస్తాందమ్మా. ఆదివారం ఒకసారి కడపకు రా. నీతో పనుంది."

సుజన సర్టిఫికెట్ల ఫైలు దుమ్ము దులిపింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. జీతమెంతైనా సరే, ఎంత తక్కువైనా సరే, టెంకాయ మళ్ళీ ముట్టనని నాయన మంచం దగ్గర నిలబడి చెప్పింది.

వసంతకుమార్ చెప్పిన చిరునామా ఆఫీసుది కాదు. ఊరి చివర కొత్త లేఅవుటులో ఆయన కట్టుకుంటున్న ఇల్లు. పునాదులు లేచి ఉన్నాయి. ఆమె ఫైలు ఇవ్వబోతే ఆయన అందుకోలేదు.

"ఉద్యోగం ఉందిలే. ఆర్నెల్ల కాంట్రాక్టు, నెలకు పదిహేడు వేలు. నిజం చెప్పాలంటే నీకెందుకమ్మా అది? నీ పాయింట్ల గురించి ఇక్కడిదాకా చెప్పుకుంటున్నారు." ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "మా స్థలంలో కూడా ఒక పాయింటు చూసి పెట్టు."

"మీరు మీటరు పెట్టి చూసుకోలేదా సార్?"

"నేనే పెట్టినా. రెండు వందల యాభై అడుగుల్లో ఉన్నట్టు చూపిస్తాంది. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. నాకూ... మోటారుతో కలిపి లక్షన్నర ఖర్చు గదా, టెంకాయ కూడా పట్టిస్తే కొంచెం ధైర్యంగా ఉంటుందని."

ఇరవై ఐదేళ్ళు జియాలజిస్టుగా చేసిన మనిషి ఆ మాట అన్నాడు! ఆమెకు ఆ కొలతలన్నీ నేర్పింది ఆయనే. సుజన ఫైలును గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది.

"ఓబుళేశూ!" అని వసంతకుమార్ కేక వేశాడు.

సిమెంటు బస్తాల షెడ్డులోంచి ఖాకీ చొక్కాలో ఓబుళేశు వచ్చాడు. ఒక చేతిలో చెంబు, ఒక చేతిలో టెంకాయ. ఆమెను చూడగానే మొహం విప్పారింది.

"వస్తివా పాపా! సార్‌కు నేనే చెప్పినా, మా సుజనమ్మ చెయ్యి శానా మంచిదని."

"చిన్నాయనా..." అంది సుజన. "నీకు... నీకు నీళ్ళు పడలేదు గదా."

"మా రాత లేయకపాయె. టెంకాయ లేయలేదా? నా కండ్లతో చూసినా గదా." ఆయన గొంతులో వెటకారమేదైనా ఉందేమోనని ఆమె వెతికింది. లేదు, చుక్క కూడా లేదు. ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది.

"ఈడ ఎంతిస్తాండారు?"

"తొమ్మిది వేలు పాపా, ఉండేదానికి రేకుల గది. మీ చిన్నమ్మ రెండిండ్లలో పాచిపని చేస్తాండాది. ఒకటో తారీకు వచ్చిందంటే లెక్క చేతిలో పడతాది. సేద్యంలో అట్ల ఎన్నడన్నా చూసినామా?" గొంతు తగ్గించి ఆమెకు మాత్రమే వినపడేటట్టు చెప్పాడు. "నీకు ఐదు వేలియ్యమని సార్‌తో మాట్లాడినా. తక్కువిస్తే తీసుకోవాకు."

వంగి ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోశాడు. ఆమె చేతిలోని ఫైలు తీసి సిమెంటు బస్తాల మీద పెట్టి, టెంకాయను కుడి అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టాడు.

సుజన ఇంకా ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. చెయ్యి వణకడం మొదలైంది.

"చూడండి సార్, చూడండి," అన్నాడు ఓబుళేశు సంబరంగా. "అప్పుడే లేస్తాండాది."